జాకెట్టు డిజైను చూద్దామని తెరిస్తే గంటన్నర

ప్రశ్న: నేను నరసన్నపేట దగ్గర పల్లెలో ఇంటి దగ్గరే జాకెట్లు కుడతాను. మా ఆయన చెన్నైలో పనిచేస్తారు. ఇక్కడ అత్తగారు, నాలుగో తరగతి చదివే పాప, నేను ఉంటాం. కస్టమరు చీర ఇచ్చి వెళ్లగానే డిజైను చూద్దామని ఇన్‌స్టాగ్రామ్ తెరుస్తాను. తలెత్తేసరికి గంటన్నర అయిపోతుంది, గుడ్డ మీద కత్తెర కూడా పెట్టి ఉండను. రాత్రి పడుకునే ముందు మళ్లీ అదే. ఇప్పటికి నాలుగుసార్లు యాప్ తీసేశాను, మహా అయితే ఆరు రోజులు ఆగాను. అందులో నా పేజీ ఉంది, కుట్టినవి పెడుతుంటాను. తీసేస్తే ఆర్డర్లు పోతాయేమో, తుపాను కబురు తెలియదేమో అని భయం. రోజూ ఒకటిన్నర జీబీ వస్తుంది, వాడకపోతే దండగ కదా అనిపిస్తుంది. పెళ్లికి ముందు లైబ్రరీ నుంచి కథల పుస్తకాలు తెచ్చుకుని చదివేదాన్ని, ఇప్పుడు రెండు పేజీలు దాటడం లేదు. వాట్సాప్‌లో స్టేటస్ పెట్టకపోతే కస్టమర్లు మర్చిపోతారా, అదీ చెప్పండి. ఫోన్ మానేయమని మాత్రం అనకండి, నాకు కుదరదు.
– ఒక పాఠకురాలు, శ్రీకాకుళం జిల్లా

జవాబు: మానేయమని అనం లెండి. మీ ఉత్తరంలో ఫోన్‌తో పడే పనులు లెక్కపెడితే ఆరు తేలాయి: డిజైన్లు, ఆర్డర్లు, మీ ఆయనతో మాటలు, తుపాను కబురు, చదువుకోవడం, ఊరికే పొద్దుపుచ్చడం. ఈ ఆరూ ఒకే గుమ్మంలోంచి వస్తున్నాయి, చిక్కల్లా అక్కడే ఉంది. మీరు నాలుగుసార్లు గుమ్మం మూశారు గానీ పనులు ఎక్కడికీ పోలేదు. ఏడో రోజు ఎవరో పట్టుచీర తెచ్చి “వెనక మంచి మోడల్ పెట్టమ్మా” అని ఉంటారు, గుమ్మం మళ్లీ తెరుచుకుని ఉంటుంది. ఒక్కో పనికి ఒక్కో చోటు, ఒక్కో వేళ కుదిరితే ఆ గుమ్మంతో మీకు అవసరం దానంతటదే తగ్గుతుంది.

మీ మనసు గట్టిది కాదనుకోవడం కూడా సరికాదు. పత్రికకు చివరి పేజీ ఉంటుంది. సంతకైతే పొద్దు వాలగానే బేరాలు కట్టేస్తారు. ఈ యాప్‌లకు అలాంటి ముగింపు ఉండదు. వేలితో తోసినకొద్దీ కిందినుంచి కొత్తది వచ్చే పద్ధతిని 2006లో ఏజా రాస్కిన్ అనే డిజైనరు తయారుచేశారు. అది జనాన్ని ఎలా పట్టేసిందో చూసి తర్వాత ఆయనే నొచ్చుకున్నారు. పైగా ముప్ఫై బొమ్మల్లో ఒక్కటే మీకు నిజంగా పనికొచ్చేది, అదెప్పుడు వస్తుందో తెలియదు. స్కిన్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త పావురాలతో చేసిన ప్రయోగాల్లో, పొడిచిన ప్రతిసారీ గింజ దొరికే పావురం కంటే ఎప్పుడో ఒకసారి దొరికే పావురమే మానకుండా పొడుస్తూ పోయింది. చెరువు గట్టున గాలం వేసుకుని కూర్చున్నవాడు భోజనానికి లేవకపోవడమూ ఇదే లెక్క.

మొదటి మూడు రోజులు ఏమీ మార్చకండి. మీ కొలతల పుస్తకం చివరి పేజీలో, ఫోన్ చేతిలోకి తీసుకున్న ప్రతిసారీ ఎందుకు తీసుకున్నారో ఒక్క మాట రాయండి: డిజైను, ఆర్డరు, టైము చూడటానికి, ఊరికే. “ఊరికే” అన్న మాట ఏ వేళల్లో ఎక్కువ పడిందో చూస్తే మీ అసలు గండం తెలుస్తుంది. ఇంటి దగ్గర కుట్టేవాళ్లకు అది తరచుగా ఒక పని ముగిసి ఇంకోటి మొదలుకాని సందులో ఉంటుంది. హుక్కులు కుట్టడం అయిపోయింది, తర్వాతి గుడ్డ ఇంకా పరచలేదు. ఆ రెండు నిమిషాల్లో చెయ్యి ఫోన్ మీదికి పోతుంది. అందుకే ఒక జాకెట్టు ముగించేముందే తర్వాతి గుడ్డ, దాని ఆది జాకెట్టు మిషను పక్కన పెట్టుకోండి. ఫోన్‌ను అవతలి గదిలో, రింగు వినపడేంత దూరంలో ఉంచండి. నాలుగు అడుగులే కదా అనుకోవద్దు, ఊరికే తీసే చెయ్యి ఆ నాలుగు అడుగులకే బద్ధకిస్తుంది.

అసలు మార్పులు మొదలుపెట్టడానికి పెళ్లిళ్ల సీజను పట్టుకోకండి. మాఘంలో, వైశాఖంలో ఆర్డర్లు మీద పడి ఉన్నప్పుడు కొత్త అలవాటు నిలబడదు. ఆషాఢం మొదటి పదిహేను రోజులు మీ పనికి సరైన అదను. శ్రావణం జాకెట్ల తాకిడి ఆ తర్వాతే కదా.

ఇక డిజైన్ల సంగతి. మీకు కావలసింది ఐదు బొమ్మలు, యాప్ చూపేది ఐదు వందలు. వెతకడానికి ముందే ప్రశ్న తెగాలి. కస్టమరు ఎదురుగా ఉండగానే నాలుగు విషయాలు రాసుకోండి: ముందు మెడ లోతు, వెనక మెడ ఆకారమూ లోతూ, చేతుల పొడవు, తాళ్లూ లట్కన్లూ కావాలా వద్దా. “బోట్ నెక్, ఎల్బో చేతులు, వెనక గుండ్రం 9 అంగుళాలు, తాళ్లు వద్దు” అని కాగితం మీద ఉంటే వెతకడానికి పది నిమిషాలు చాలు. “ఏదైనా మంచిది” అని వదిలేస్తే ఆ మంచిది ఎప్పటికీ దొరకదు, దాని తర్వాతది ఇంకా బాగుంటుందేమో అనిపిస్తూనే ఉంటుంది.

వెతుకులాటకు వారంలో రెండు పూటలు కేటాయించండి, మంగళవారం, శుక్రవారం ఇరవై నిమిషాల చొప్పున. టైము ఫోన్‌లో కాకుండా గోడ గడియారంలో చూసుకోండి. యాప్ వద్దు, బ్రౌజరు తెరవండి. అందులో లాగిన్ అవకుండా బొమ్మల వెతుకులాటలో మీరు రాసుకున్న మాటలే టైపు చేయండి. లాగిన్ లేకపోతే ఇన్‌స్టాగ్రామైనా పింటరెస్టైనా కాసేపటికి ఖాతా తెరవమని తెర అడ్డం వేస్తుంది. చాలామందికి చిరాకు తెప్పించే ఆ అడ్డమే మీకు మేలు చేస్తుంది.

బొమ్మ దాచుకునేటప్పుడు జరిగే పొరపాటు ఒకటుంది. వెతికిన జాబితాలో కనిపించే చిన్న బొమ్మ మీదే వేలు నొక్కిపెట్టి దాచేస్తారు, లేదా స్క్రీన్‌షాట్ తీస్తారు. ప్రింటు తీస్తే మగ్గం వర్కంతా అలుక్కుపోయినట్టు వస్తుంది. బొమ్మను తెరిచి, అది ఉన్న పేజీలోకి వెళ్లి, అక్కడ పెద్దగా కనిపించేదాన్ని నొక్కిపెట్టి దాచాలి. గ్యాలరీలో మెడను, కట్‌ను బట్టి ఆల్బములు చేసుకోండి: బోట్ నెక్, పాట్ నెక్, ప్రిన్సెస్ కట్, చేతులు విడిగా.

నలభై ఎనిమిది బొమ్మలు పోగయ్యాక ఊళ్లో కలర్ జిరాక్సు తీసే చోటికి వెళ్లి ఏ4 కాగితానికి నాలుగేసి చొప్పున వేయించండి, పన్నెండు కాగితాలవుతాయి. ప్లాస్టిక్ కవర్ల ఫైలులో పెట్టి, ఒక్కో బొమ్మకు మార్కరుతో నంబరు వేయండి. వచ్చినవాళ్లు కూర్చుని ఫైలు తిరగేస్తారు, “17వది వెయ్యి” అంటారు, మీరు కొలతల పక్కన 17 అని రాసుకుంటారు. దీంతో ఇంకో లాభం కూడా ఉంది. ఫోన్‌లో చూపించినప్పుడు కస్టమరు కూడా తోస్తూ పోయి, చివరికి మూడు జాకెట్ల ముక్కలు కలిపి ఒకటి కుట్టమంటుంది. ఫైలైతే నలభై ఎనిమిదితో ఆగుతుంది. మూడు నెలలకోసారి ఎవరూ అడగని పది బొమ్మలు తీసేసి పది కొత్తవి పెట్టండి. మీరు కుట్టినవాటి ఫొటోలు అందులో సగమైనా ఉండేలా చూడండి. నెట్‌లోవి చూపించి కుట్టిస్తే “బొమ్మలోలా లేదు” అనే మాట తప్పదు, ఎందుకంటే ఆ బొమ్మలో ఉన్న గుడ్డా, వేసుకున్న మనిషీ వేరు.

మీ ఇన్‌స్టా పేజీని ఇప్పుడే తీసేయకండి. ఒక నెలపాటు ప్రతి ఆర్డరు పక్కన అది ఎలా వచ్చిందో ఒక అక్షరం రాయండి: మాట మీద వచ్చిందా, వాట్సాప్‌లోనా, ఇన్‌స్టాలోనా. పల్లెలో కుట్టేవాళ్లకు ఎక్కువ పని పెళ్లిలో ఎవరో వేసుకున్న జాకెట్టు చూసి “ఎవరు కుట్టారు?” అని అడిగితేనే వస్తుంది. లెక్కలో ఇన్‌స్టా ఒకటో రెండో అయితే, పేజీ పరిచయంలో “ఆర్డర్లకు వాట్సాప్ చేయండి” అని నంబరు పెట్టి యాప్ తీసేయండి, పేజీ అలాగే ఉంటుంది. నిజంగానే పదికి పైగా వస్తున్నాయా, అప్పుడూ యాప్ అక్కర్లేదు. బ్రౌజరులో లాగిన్ అయి ఆదివారం ఒక్కసారి ఫొటోలు పెట్టి, లాగౌట్ అయిపోండి. పాస్‌వర్డు బ్రౌజరు గుర్తుపెట్టుకోకుండా చూసుకుని కొలతల పుస్తకంలో రాసుకోండి. ప్రతిసారీ పుస్తకం తీసి అక్షరం అక్షరం కొట్టాల్సి వస్తే “ఊరికే” తెరవడం తగ్గిపోతుంది. యాప్ తీసేసినా బ్రౌజరులో లాగిన్ అలాగే వదిలేయడం చాలామంది మళ్లీ జారిపోవడానికి కారణం. మీ ఆరు రోజుల వెనక కూడా అదే ఉందేమో చూసుకోండి.

వాట్సాప్ దగ్గర కాస్త ఓపిగ్గా కూర్చోవాలి. ఇందులో మీకు బతుకుతెరువూ ఉంది, గోలా ఉంది. ప్లే స్టోరులో వాట్సాప్ బిజినెస్ అని వేరే యాప్ ఉచితంగా దొరుకుతుంది. రెండు నంబర్లుంటే మామూలు వాట్సాప్, ఇదీ ఒకే ఫోన్‌లో పక్కపక్కన నడుస్తాయి. అందరూ కొత్త సిమ్ తీసుకుని దాన్ని వ్యాపారానికి పెట్టుకుంటారు, మేం మాత్రం తిరగేసి చేయమంటాం. కస్టమర్లందరి దగ్గరా ఉన్నది మీ పాత నంబరే కాబట్టి దాన్నే బిజినెస్‌లోకి మార్చండి. కొత్త నంబరు మీ ఆయనకు, అక్కచెల్లెళ్లకు, బడికి ఇవ్వండి. చెప్పుకోవాల్సినవాళ్లు పదిమంది ఉంటారు, అంతే. మార్చేముందు చాట్ల బ్యాకప్ తీసుకోవడం మరవద్దు. రెండో సిమ్‌కు రీచార్జి భారం అనుకుంటే ఒకే నంబరు బిజినెస్‌లో పెట్టి, లేబుళ్లతో సరిపెట్టుకోవచ్చు.

లేబుళ్లు మూడు చాలు: కుట్టాలి, అయిపోయింది, డబ్బులు రావాలి. పని వేళలు పెట్టి, ఆ వేళలు కానప్పుడు దానంతటదే వెళ్లే జవాబు ఒకటి రాసుకోండి: “నమస్తే అండి. ఉదయం 10కి, మధ్యాహ్నం 3కి, సాయంత్రం 7కి మెసేజ్‌లు చూస్తాను. తొందరైతే ఫోన్ చేయండి.” రోజూ అడిగే ప్రశ్నలకు, అంటే లైనింగుతో ఎంత, లేకుండా ఎంత, ఎన్ని రోజుల్లో ఇస్తారు అన్నవాటికి, క్విక్ రిప్లైలు దాచుకుంటే రెండు అక్షరాలతో జవాబు పోతుంది. ఒక మెలిక ఉంది. ఫోన్‌లో నెట్ ఆపేస్తే ఆ ఆటోమేటిక్ జవాబు వెళ్లదు. నెట్ ఉంచండి, ఆ యాప్ శబ్దం మాత్రమే ఆపండి. మొదటి వారం ఎవరో ఒకరు “ఏటమ్మా, మెసేజ్ సూడ్నేదేటి?” అని గుమ్మంలోకే వస్తారు. మూడు వేళలు చెప్పి పంపండి. రెండు వారాల్లో వాళ్లే ఆ వేళలకు అలవాటు పడతారు. బ్యాంకు వేళలకు పడలేదా మరి!

గ్రూపుల్ని “ఎప్పటికీ” అని మ్యూట్ చేసి ఆర్కైవ్‌లోకి తోసేయండి. సెట్టింగ్స్‌లో చాట్స్ కింద “కీప్ చాట్స్ ఆర్కైవ్డ్” ఆన్‌లో లేకపోతే కొత్త మెసేజ్ రాగానే గ్రూపు మళ్లీ పైకొచ్చి కూర్చుంటుంది. పాప బడి గ్రూపును సాయంత్రం 7 గంటల చూపులోనే కలుపుకోండి. అంత తొందరైతే బడివాళ్లు ఫోనే చేస్తారు. మొహమాటపు గ్రూపుల్లోంచి బయటికి రావడానికి ఇప్పుడు అంత ఇబ్బంది లేదు, 2022 నుంచి బయటికొస్తే అడ్మిన్‌కే తెలుస్తుంది, అందరికీ చాటింపు పడదు. “స్టోరేజ్ అండ్ డేటా”లో మీడియా ఆటో డౌన్‌లోడ్ మొత్తం ఆపండి. గుడ్ మార్నింగ్ పువ్వులు గ్యాలరీలో పడటం ఆగితే మీ జాకెట్టు ఫొటోలు కంటికి ఆనుతాయి. ఛానళ్లన్నీ అన్‌ఫాలో చేయండి.

యూట్యూబుకు మందు చిన్నదే, కానీ బాగా పనిచేస్తుంది. ప్రొఫైల్ బొమ్మ నొక్కి సెట్టింగ్స్‌లోకి, అక్కణ్నుంచి “మేనేజ్ ఆల్ హిస్టరీ”లోకి వెళ్లి వాచ్ హిస్టరీ ఆపండి, పాతదంతా చెరిపేయండి. 2023 ఆగస్టు నుంచి హిస్టరీ లేని ఖాతాకు యూట్యూబు హోమ్ పేజీలో వీడియోల కుప్ప చూపించడం లేదు, వెతికే గడి ఒక్కటే మిగులుతుంది. ఆపి, చెరపకుండా వదిలేస్తే మాత్రం పాత లెక్కతో సిఫారసులు వస్తూనే ఉంటాయి. ఆటోప్లే కూడా ఆపండి. ఇందులో నష్టమూ లేకపోలేదు. కటింగు పాఠం సగంలో ఆపితే ఎక్కడ ఆపారో అది గుర్తుపెట్టుకోదు, నిమిషం సంఖ్య మీరే రాసుకోవాలి. మళ్లీమళ్లీ చూసే పాఠాలను ప్లేలిస్టులో వేసుకోండి.

అత్తగారి గురించి మీరు రాయలేదు గానీ, ఇంట్లో ఒకటే స్మార్ట్‌ఫోన్ ఉంటే భక్తి పాటలకని ఆమె తీసుకోవడం, తిరిగి మీ చేతికొచ్చేసరికి తెర మీద ఇంకేదో ఆడుతుండటం మామూలే. మెమరీ కార్డు పెట్టే చిన్న స్పీకరు ఒకటి కొని, ఆమె అడిగిన కీర్తనలు అందులో వేసివ్వండి. ఆకాశవాణి కావాలంటే ఎఫ్ఎమ్ రేడియో ఉంది, ప్రసార భారతి వాళ్ల న్యూస్ ఆన్ ఎయిర్ యాప్‌లోనూ తెలుగు కేంద్రాలు వస్తాయి. ఆమెకు కీప్యాడ్ ఫోన్ విడిగా ఉంటే డేటా కలిపిన ప్యాకు వేయనక్కర్లేదు. కాల్స్, ఎస్సెమ్మెస్‌లకు మాత్రమే సరిపడే ప్యాకు ఒకటైనా ఉండాలని 2024 డిసెంబరులో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధన తెచ్చింది. దుకాణంలో అడిగి వేయించండి, అడక్కపోతే వాళ్లు చెప్పరు.

తుపాను భయం మన వైపు ఉట్టి భయం కాదు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కరెంటూ టవర్లూ పడిపోయాయి, ఎంత మంచి యాప్ ఉన్నా తెర వెలగలేదు. కాబట్టి మొదటి ఏర్పాటు బ్యాటరీ రేడియో, రెండు జతల సెల్లులు, నిండుగా చార్జి చేసిన పవర్ బ్యాంకు. నెట్ ఉన్నంతసేపూ చూడాల్సింది వాతావరణ శాఖ మాట. వాళ్ల మౌసమ్ యాప్ ఉంది. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ సచేత్ యాప్ మీరున్న ప్రాంతానికి హెచ్చరిక వస్తే మోగుతుంది, నోటిఫికేషన్ల అనుమతి దీనికి నిక్షేపంగా ఇవ్వండి. ఇంకో సంగతి తెలిస్తే మనసు కుదుటపడుతుంది. వాయుగుండం తుపానుగా మారాక వాతావరణ శాఖ బులెటిన్లు మామూలుగా మూడు గంటలకోసారి వస్తాయి. పరిశీలన వేళలు ఉదయం 8:30, 11:30, మధ్యాహ్నం 2:30, సాయంత్రం 5:30, అలా నడుస్తాయి, బులెటిను ఆ తర్వాత కాసేపటికి వెలువడుతుంది. తీరానికి దగ్గరపడ్డాక మాత్రం ఇంకా తరచుగా ఇస్తారు. ఆ మధ్యలో ఐదు నిమిషాలకోసారి రీల్స్‌లో కనిపించే కెరటాలు ఏ ఏడాదివో, ఏ దేశానివో ఎవరికి తెలుసు! కొత్త సమాచారం ఉండదు, గుండెదడ మాత్రం పెరుగుతుంది.

మిగతా కబుర్లకు పొద్దున ఒక పేపరు చాలు. అంతకుమించి కుట్టుపని పాఠాల ఛానళ్లు, కథలు పెట్టే సైట్లు వదులుకోకూడదనుకుంటే ఫీడ్ రీడరు అనే పాత పద్ధతి ఉంది. ఆర్ఎస్ఎస్ అని 1999లో పుట్టింది. సైటులో కొత్తది రాగానే శీర్షిక మీ దగ్గరికి చేరుతుంది, ఎవరూ మధ్యలో దూరి “ఇదీ చూడు” అనరు. గూగుల్ తన రీడరును 2013లో మూసేశాక చాలామంది మర్చిపోయారు గానీ పద్ధతి బతికే ఉంది. ఆండ్రాయిడ్‌లో ఫీడర్ అనే ఉచిత యాప్ వేసుకుని, ప్లస్ గుర్తు నొక్కి, సైటు చిరునామా అతికిస్తే ఫీడు ఉందో లేదో అదే వెతుకుతుంది. అన్ని తెలుగు సైట్లకూ ఉండదు, లేనివాటిని వదిలేయండి. పది ఫీడ్లు మించనీయకండి, నోటిఫికేషన్లు ఆపండి. చదవాల్సినవి అయిపోగానే జాబితా ఖాళీగా కనిపిస్తుంది. తోసుకుంటూ పోవడానికి అలవాటుపడ్డ వేలికి ఆ ఖాళీ మొదట్లో వింతగా ఉంటుంది. ఫేస్‌బుక్ మానేస్తే దాని బదులు మాస్టొడాన్ లాంటి ఇంకో సోషల్ మీడియా వెతుక్కోవాలా అని కొందరు అడుగుతుంటారు. మీ వాళ్లెవరూ అక్కడ లేరు, మీకు అనవసరం.

ఒకటిన్నర జీబీ దండగ సంగతికి వద్దాం. అర్ధరాత్రికి మురిగిపోయే డేటా అంటే పెళ్లిలో మిగిలిన అన్నం చూసినట్టు ప్రాణం ఉసూరుమంటుంది, నిజమే. మిగిలింది కదా అని ఆకలి లేకుండా తింటే పాడయ్యేది కడుపే. ఆ డేటాను తర్వాత పనికొచ్చేదానికి మళ్లించండి. మీ ఆయనతో వీడియో కాల్ అయ్యాక ఇంకా ఉంటే కివిక్స్ యాప్‌లో తెలుగు వికీపీడియా దింపుకోవచ్చు. ఫైలును యాప్ లోపలే భాష తెలుగు అని ఎంచుకుని దింపాలి. బొమ్మలు లేనిది చాలా చిన్నది, బొమ్మలున్నది దింపేముందు ఫోన్‌లో చోటు చూసుకోండి. ఒకసారి దిగాక పాప ప్రాజెక్టు పనికి నెట్ అక్కర్లేదు, ప్రకటనలూ ఉండవు. వచ్చే రీచార్జిలో రోజువారీ లెక్క కాకుండా గడువు మొత్తానికి కలిపి డేటా ఇచ్చే ప్యాకు అడగండి. అర్ధరాత్రి గడువు పోతే తొందరా పోతుంది.

కథల దగ్గర మీరు పెట్టిపుట్టారు. శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావు గారు 1997 ఫిబ్రవరి 22న నెలకొల్పిన కథానిలయం తెలుగు కథలకు పెద్ద దిక్కు. దారం, జిప్పులు తెచ్చుకోవడానికి టౌనుకు వెళ్లే రోజున ఒక గంట అటు వెళ్లి రండి. దాని వెబ్‌సైటులో రచయిత పేరుతో, పత్రిక పేరుతో వెతికి పాత పత్రికల్లోని కథలు స్కాన్ చేసినవి చదవచ్చు. స్కాన్ చేసిన పేజీ చిన్న తెర మీద కళ్లు లాగుతుంది, ఫోన్ అడ్డంగా తిప్పి అరపేజీ చొప్పున చదవండి. తెలుగు వికీసోర్స్‌లో పుస్తకాలు టైపు చేసి ఉంటాయి కాబట్టి అక్షరం ఎంతైనా పెంచుకోవచ్చు. రెండు పేజీలు దాటలేకపోవడం గురించి దిగులొద్దు. నవలతో మొదలుపెట్టకండి. నాలుగు పేజీల కథ తీసుకోండి, కాగితం పుస్తకమైతే ఇంకా మంచిది. మొదటి వారం రెండో పేజీలోనే చెయ్యి దురదపెడుతుంది. అప్పుడు పుస్తకం మూయకుండా వేలు పేజీలో ఉంచి, కాసేపు ఊరికే కూర్చుని, మళ్లీ చదవండి. ఈ పని రాత్రి మంచం మీద కాకుండా సాయంత్రం గుమ్మంలో వెలుగున్నప్పుడు పెట్టుకుంటే నిద్ర అడ్డురాదు.

రాత్రికి ఒకటే కట్టుబాటు. మీ ఆయనతో మాట అయిపోగానే ఫోన్ ముందు గదిలో చార్జింగుకు పెట్టేయాలి. పొద్దున లేవడానికి అలారం గడియారం కొనుక్కోండి, అలారం పేరుతోనే ఫోన్ మంచం ఎక్కుతుంది. చెన్నై నుంచి అర్ధరాత్రి ఏదైనా అవసరం పడితే ఎలా అన్న బెంగకు జవాబు సెట్టింగ్స్‌లోని “డూ నాట్ డిస్టర్బ్”లో ఉంది. మీ ఆయన నంబరుకు నక్షత్రం పెట్టి, నక్షత్రం ఉన్నవాళ్ల కాల్స్ మోగేలా అనుమతి ఇవ్వండి. “రిపీట్ కాలర్స్” కూడా ఆన్ చేస్తే, ఎవరైనా పదిహేను నిమిషాల్లోపు రెండోసారి చేస్తే మోగుతుంది. అది మోగినప్పుడు వినపడేలా గది తలుపు ఓరగా ఉంచుకుంటే చాలు.

ఈ విషయంలో అందరూ చెప్పే రెండు సలహాలు మీకు అంతగా నప్పవు. ఒకటి, తెరను నలుపు తెలుపులోకి మార్చడం. రంగు లేకపోతే ఆకర్షణ తగ్గుతుందన్నది నిజమే గానీ, కస్టమరు పంపిన చీర ఫొటో చూసి దారం, పైపింగు ఎంచేవారికి అది ఆత్మహత్యా సదృశం. డిజిటల్ వెల్‌బీయింగ్‌లో బెడ్‌టైమ్ మోడ్ పెట్టి రాత్రి 9 తర్వాత మాత్రమే రంగులు పోయేలా చేసుకోండి. రెండోది యాప్ టైమర్. రోజుకు ఇరవై నిమిషాలని పెట్టుకున్నవాళ్లే ఇరవై ఒకటో నిమిషంలో దాన్ని తీసేయగలరు. తాళం వేసి చెవి గుమ్మానికే వేలాడదీసినట్టు. పెట్టుకోవడం తప్పు కాదు, దాని మీద ఆధారపడితే తప్పు.

మొదటి నాలుగైదు రోజులు చేతులు ఖాళీగా, మనసు చిరచిరలాడుతూ ఉంటాయి. ఏదో ఒక ఆదివారం రెండు గంటలు రీల్స్‌లో పోతాయి కూడా. అప్పుడు అన్నీ తీసేసి మళ్లీ మొదటినుంచి అనకండి, మీ నాలుగు ప్రయత్నాలూ అలాగే పోయాయి. ఏ గుమ్మంలోంచి లోపలికి పోయారో చూసి, బ్రౌజరులో లాగిన్ ఉండిపోయిందా, ఎవరో పంపిన లింకు నొక్కారా, దాన్నొక్కటే సరిచేసుకోండి.

ఫేస్‌బుక్ ఖాతా పూర్తిగా తీసేయాలనిపిస్తే ముందు సెట్టింగ్స్‌లో మీ సమాచారం దింపుకునే చోటు నుంచి ఫొటోలు దింపుకోండి. డిలీట్ అన్నాక 30 రోజుల్లోపు మళ్లీ లాగిన్ అయితే అది రద్దయిపోతుంది, ఆ నెల రోజులూ అటు పోకుండా ఉండాలి.

చివరిగా స్టేటస్. పెట్టకపోయినా కస్టమర్లు మర్చిపోరు గానీ, పెట్టడం మంచిదే, మీ పనిని గుర్తుచేస్తుంది. అది 24 గంటలే ఉంటుంది కాబట్టి మీ వాళ్లకు తీరిక దొరికే రోజు చూసి పెట్టాలి. శనివారం సాయంత్రం 7 గంటలకు మెసేజ్‌లు చూసేటప్పుడే రెండు ఫొటోలు పెట్టండి, ఒకటి ముందు, ఒకటి వెనక. పెట్టి బయటికి వచ్చేయండి. ఎవరు చూశారన్న జాబితా తెరవడం, వాళ్ల స్టేటస్‌లు వరసగా చూడటం మొదలైతే అది మళ్లీ ఇన్‌స్టా అవుతుంది. చూడకూడదనుకున్నవాళ్ల పేరు నొక్కిపెట్టి మ్యూట్ చేయొచ్చు. ఫొటో తీసేటప్పుడు జాకెట్టును హ్యాంగరుకు వేసి, మధ్యాహ్నం కిటికీ పక్కన, ఎండ నేరుగా పడని చోట తీయండి. ఫ్లాష్ వేస్తే జరీ మెరిసిపోయి మీరు రెండు రోజులు కూర్చుని వేసిన వర్కు కనపడదు.